కొండోళ్లకి పడవెందుకు అన్నవాళ్లకి, పడవ కొంటానన్న మా బావమరిదికి



పోయిన వారం జీడితోటలో దోమ గురించి రాస్తానని మాటిచ్చాను. అది పక్కన పెట్టాల్సి వచ్చింది. మా ఇంట్లో పది రోజులుగా ఒకటే పంచాయితీ నడుస్తోంది. ఊళ్లో సగం మందికి ఎలాగూ తెలిసిపోయింది, మిగతా సగం ఫోన్ చేసి అడుగుతున్నారు. అందుకే పూర్తిగా ఇక్కడే రాసేస్తున్నాను. కాస్త పొడుగే, ఓపిక చేసుకుని చదవండి.

సంగతి ఏటంటే, మా బావమరిదీ వాళ్లావిడా కలిసి ఒక సెకండ్ హ్యాండ్ పడవ కొనాలనుకున్నారు. నాటు పడవ కాదు. ఇరవై అడుగుల ఫైబర్ బోటు. ముందు భాగంలో చిన్న గది, అందులో ఇద్దరు పడుకునేటట్టు రెండు బల్లలు, టీ కాచుకోడానికి చిన్న గట్టు. వెనక తగిలించే నలభై హెచ్‌పీ పెట్రోలు ఇంజిన్. దాన్ని మోసే ట్రైలరు కూడా ఉంది, బొలెరో వెనక తగిలించి ఎక్కడికైనా లాక్కుపోవచ్చు. అమ్మేవాడు విశాఖ అవతల సముద్రం ఒడ్డు ఊర్లో ఉంటాడు. ఫోన్లో ఫొటోలు చూపించి నాలుగు లక్షల ఇరవై వేలు అన్నాడు.

మావాడికి పడవ కొత్త కాదు. పెళ్లికి ముందు నాలుగేళ్లు విశాఖలో బోట్లు బాగుచేసే షెడ్డులో కూలికి పనిచేశాడు. మనూరి కుర్రాళ్లు ఎంతమంది అలా దిగువకి పోయి పనులు చేసుకుంటున్నారో మీకు తెలీంది కాదు. వాడి ఆలోచన ఇది: తోటపల్లి నీళ్లలో దింపి, ఆదివారాలు, పండగలకి వచ్చే జనాన్ని తిప్పితే నాలుగు డబ్బులొస్తాయి. మిగతా రోజులు వీళ్లిద్దరూ వేరే రిజర్వాయర్లకి, చిలక సరస్సుకి లాక్కుపోయి చూసి రావొచ్చు. చెల్లెమ్మకైతే (వాళ్లావిడ నాకు చెల్లెలి వరసే) ఆ చిన్న గది తెగ నచ్చేసింది. "అన్నయ్యా, ఎప్పుడూ పనికే దిగువకి పోయాం, ఒక్కసారైనా చూడ్డానికి పోవాలనుంది" అంది. ఆ మాట విన్నాక వద్దనడానికి నాకు నోరు రాలేదు.

ఈ సంగతి బయటికి రాగానే మొదలైంది ఎగతాళి. "కొండ మీద ఊరు, పడవెందుకురా, ఏనుగులొస్తే ఎక్కి పారిపోడానికా" అని సంతలో ఒకాయన. "అనాస పళ్లు అమ్ముకునేవోళ్లకి షిప్పులంట" అని ఇంకొకాయన. నవ్వుకోండి, తప్పు లేదు. కానీ ఒక్క మాట అడుగుతాను. ఆ నీళ్లు ఎక్కడివి? మన గుమ్మిడిగెడ్డ, వట్టిగెడ్డ పోయి కలిసేది నాగావళిలోనే కదా. ఆ నాగావళి మీద తోటపల్లి దగ్గర బ్రిటిష్ వాళ్ల కాలంలోనే రెగ్యులేటర్ కట్టారు, మన కళ్ల ముందు 2015లో కొత్త బ్యారేజీ ప్రారంభమైంది. రెండున్నర టీఎంసీల దాకా నీళ్లు నిలుస్తాయి. భూములు మునిగినోళ్లలో మనకి తెలిసినవాళ్లు, బంధువులు ఉన్నారు. పక్కనే కొమరాడ మండలంలో నాగావళి అవతలి ఊళ్ల వాళ్లు పూర్ణపాడు–లాబేసు వంతెన కోసం ఏళ్ల తరబడి ఎదురుచూస్తూ, ఆసుపత్రికైనా సంతకైనా నాటు పడవ మీదే ఏరు దాటారు. పడవంటే వాళ్లకి షోకు కాదు. మరి నీళ్లు మనవి, మునిగింది మనవాళ్లు, దాని మీద నాలుగు డబ్బులు చేసుకునేది మాత్రం ఎప్పుడూ దిగువ నుంచి వచ్చినవాళ్లే అవ్వాలా? మన పిల్ల, మన పిల్లోడు పడవ నడిపితే ఏటి నష్టం? అందుకని కొనాలన్న కోరికని నేను ఒక్క ముక్క కూడా తప్పు పట్టను. నా గొడవంతా ఎలా కొంటున్నారన్నదాని మీదే.

అక్కడికొస్తాను.

మనం సెకండ్ హ్యాండ్ ట్రాక్టర్ కొన్నప్పుడు ఏం చేస్తాం? తెలిసిన మెకానిక్‌ని తీసుకుపోతాం. ఆర్సీ ఎవరి పేరున ఉందో చూస్తాం. ఫైనాన్స్ తీరిందా, ఫారం 35 ఇస్తాడా అని అడుగుతాం. ఫారం 29, 30 మీద సంతకాలు పెట్టించుకుంటాం. ఇన్ని దెబ్బలు తిన్నాక ఈపాటికి నేర్చుకున్నాం. అదే మనిషి పడవ దగ్గరికి వచ్చేసరికి అన్నీ మర్చిపోతాడు. మెరుస్తున్న రంగు చూస్తాడు, నీళ్ల మీద ఫొటో చూస్తాడు, అడ్వాన్స్ ఇచ్చేస్తాడు. మావాడు ముప్పై వేలు ఫోన్‌పేలో కొట్టేయబోతుంటే చెల్లెమ్మ ఫోన్ లాక్కుంది. ఆ ముప్పై వేలూ ఆవిడ డ్వాక్రా గ్రూపు లోనులోవి. కంతు తప్పితే ఆవిడొక్కర్తే కాదు, గ్రూపులో అందరూ మాట పడతారు. "చూడకుండా గిద్దెడు బియ్యం కొనం, పడవ కొంటామా" అంది. దాంతో ముగ్గురం కలిసి పార్వతీపురంలో బస్సెక్కి వెళ్లాం.

నాకు పడవల గురించి ఏమీ తెలీదు. మావాడికి తెలుసు గానీ మోజులో ఉన్నాడు, కళ్లు కనబడవు. ఆ రోజు నిజంగా చూసింది చెల్లెమ్మే. ఎలా చూసిందో చెప్తాను, మీకూ పనికొస్తుంది.

ఆవిడ పర్సులోంచి రూపాయి బిళ్ల తీసి పడవ ఒంటిని ఆ చివర నుంచి ఈ చివర దాకా టక్ టక్ మని కొట్టుకుంటూ పోయింది. సంతలో కుండ కొనేటప్పుడు వేలితో కొట్టి చూడమూ, అదే. మంచి ఫైబర్ అయితే గట్టిగా, ఖణీమని పలుకుతుంది. లోపల పొరలు విడిపోయినా, మధ్యలో ఉన్న చెక్క నీళ్లు తాగినా, పండిన పనసకాయని కొట్టినట్టు 'దబ్' మంటుంది. ముందంతా బాగానే పలికింది. వెనక్కి, ఇంజిన్ తగిలించే పలక దగ్గరికి వచ్చేసరికి శబ్దం మారిపోయింది. మావాడు ఇంజిన్ కాలు పట్టుకుని పైకీ కిందకీ ఊపితే పలక కూడా దాంతోపాటు కదిలింది. ఆ పలక లోపల ఉండేది ప్లైవుడ్డే. ఫైబర్‌కి వేసిన బోల్టు కన్నాల్లోంచి ఏళ్ల తరబడి నీరు దిగి అది కుళ్లిపోతుంది, పైనుంచి చూస్తే ఏమీ తెలీదు. నలభై హెచ్‌పీ ఇంజిన్ బలమంతా మోసేది ఆ పలకే. అది నీళ్ల మధ్యలో విరిగితే ఏమవుతుందో నేను రాయక్కర్లేదు. పైన నడిచి చూస్తే గది మీద ఒకచోట కాలు మెత్తగా దిగినట్టయింది. ఏనుగులు తోటలో ఉన్న రాత్రి తప్ప నేను అంత మెల్లగా అడుగులు వేసింది లేదు.

"కొంచెం నీరు పట్టిందంతే, ఎండలో పెడితే ఆరిపోద్ది" అన్నాడు అమ్మేవాడు. ఆరదు. విప్పి, కుళ్లిన చెక్క తీసి కొత్తది వేసి, మళ్లీ ఫైబర్ చుట్టాలి. అదేం పనో మావాడికి తెలుసు, షెడ్డులో వాడు చేసింది అదే. అప్పుడు దిగింది వాడి మొహం.

ఇంజిన్ సంగతి ఇంకోటి. మేం వెళ్లేసరికే మూత ముట్టుకుంటే వెచ్చగా ఉంది. అంటే మేం రాకముందే స్టార్ట్ చేసి ఉంచాడు. చల్లగా ఉన్న ఇంజిన్ ఎన్ని తాళ్లకి స్టార్ట్ అవుతుందో మనం చూడకుండా చేసిన పని అది. ట్రాక్టర్ బ్రోకర్లు కూడా చేసేదే, కొత్తేమీ కాదు. ఇలాంటి ఇంజిన్ని నీళ్లు లేకుండా ఉత్తినే తిప్పకూడదు. దాని కాలు డ్రమ్ములోని నీళ్లలో ముంచి గానీ, గొట్టంతో నీళ్లు పట్టి గానీ నడపాలి. నడుస్తున్నంతసేపూ పక్కనున్న చిన్న కన్నం నుంచి నీటి ధార చిమ్ముతూ ఉండాలి. ధార సన్నగా వచ్చినా, ఆగి ఆగి వచ్చినా లోపల నీళ్లు తోడే రబ్బరు చక్రం అరిగిపోయిందనో, ఉప్పు పేరుకుపోయిందనో అర్థం. ఇది సముద్రంలో తిరిగిన ఇంజిన్. తిరిగొచ్చిన ప్రతిసారీ మంచినీళ్లతో కడిగితేనే నిలుస్తుంది. కడిగారో లేదో మనకెవరు చెప్తారు?

అడుగున గేర్ ఆయిల్ బోల్టు కొంచెం వదులు చేయించాం. టీ రంగులో, పాలు కలిపినట్టు వచ్చింది. ట్రాక్టర్ ఉన్నవాళ్లకి దీని అర్థం చెప్పక్కర్లేదు. నీరు లోపలికి పోయింది.

ట్రైలరు సంగతి క్లుప్తంగా చెప్తాను గానీ తేలిగ్గా తీసుకోకండి. పడవని దింపిన ప్రతిసారీ ట్రైలరు చక్రాలు నీళ్లలో మునుగుతాయి. బేరింగులు తుప్పు పడతాయి. జాకీ ఎత్తి చక్రం తిప్పితే కరకరలాడింది. టైర్లకి గాడులు కొత్తవాటిలా ఉన్నాయి, పక్కలు మాత్రం ఎండకి పగుళ్లిచ్చాయి. పడవా ట్రైలరూ కలిపి పన్నెండు, పదమూడు వందల కిలోలుంటుంది. అందులో పదో వంతు బరువు ముందు బండి కొక్కెం మీద పడాలి. బరువు వెనక్కి పోతే రోడ్డు మీద ట్రైలరు పాములా ఊగుతుంది. మన వైపు దిగుడు మలుపుల్లో అలా ఊగిందంటే బొలెరోని కూడా లాక్కుపోతుంది. ఇంకోటి, ట్రైలరుకి నంబరు ప్లేటే లేదు. రోడ్డు మీద లాగే ట్రైలరుకీ రిజిస్ట్రేషన్ ఉండాలి, మన ట్రాక్టర్ తొట్టెలకి ఉన్నట్టే. తొట్టెలకి చేయించనివాళ్లు కూడా ఇది చదువుతున్నారని నాకు తెలుసు, అది వేరే పోస్టు.

ఇక కాగితాలు. ఇక్కడే నా అసలు మాట.

పడవకి కాగితాలేవీ అంటే, ఒక పాత అమ్మకం చీటీ ఫొటో చూపించాడు. అందులో ఉన్న పేరు ఇతనిది కాదు. ఆ పేరున్న మనిషి ఊళ్లో లేడంట. "పడవలకి ఏం కాగితాలు సార్, నీళ్లలో ఎవడు ఆపుతాడు" అన్నాడు. ఈ ఒక్క మాటతోనే మన రాష్ట్రంలో ఎన్ని ప్రాణాలు పోయాయో గుర్తు చేసుకోండి. 2017 నవంబర్ 12న ఇబ్రహీంపట్నం ఫెర్రీ దగ్గర, పవిత్ర సంగమం చూడ్డానికి వచ్చినవాళ్లని ఎక్కించుకున్న అనుమతి లేని పడవ కృష్ణలో బోల్తా పడింది. ఇరవై మందికి పైగా పోయారు. కార్తీక మాసం, ఆదివారం, కుటుంబాలతో వచ్చినవాళ్లు. రెండేళ్లు తిరక్కుండా 2019 సెప్టెంబర్ 15న పాపికొండలు చూడ్డానికి బయల్దేరిన రాయల్ వశిష్ఠ బోటు కచ్చులూరు దగ్గర మునిగింది. 26 మంది బయటపడ్డారు, యాభై మంది దాకా పోయారు. వరద గోదారి అడుగు నుంచి ఆ బోటుని ధర్మాడి సత్యం బృందం బయటికి తీసేసరికి అక్టోబర్ 22 అయింది. ఐదు వారాలు. ఒడ్డున కూర్చుని తమవాళ్ల కోసం ఎదురుచూసినోళ్లని టీవీలో అందరం చూశాం.

అప్పుడు మనమంతా ఏమన్నాం? "పర్మిషన్ ఎవడిచ్చాడు, డబ్బు కోసం ప్రాణాలతో ఆడుకుంటారా" అన్నాం. ఇప్పుడు మనింట్లోవాడు కుళ్లిన పలక ఉన్న పడవలో, కాగితం లేకుండా, తోటపల్లిలో జనాన్ని తిప్పుతానంటే "కష్టపడే కుర్రాడు, పోనీ" అందామా? మనవాడైతే ఒక న్యాయం, ఎదుటివాడైతే ఒక న్యాయమా? మావాడి మొహం మీదే అడిగాను. ఇంటికొచ్చాక రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

చట్టం ఏం చెప్తుందో కూడా తెలుసుకోండి. 1917 నాటి పాత చట్టం తీసేసి కేంద్రం 2021లో ఇన్లాండ్ వెస్సెల్స్ చట్టం తెచ్చింది. నదుల్లో, జలాశయాల్లో తిరిగే ఇంజిన్ పడవకి సర్వే సర్టిఫికెట్ ఉండాలి, అంటే అధికారి పడవని పరీక్ష చేసి ఇచ్చేది. రిజిస్ట్రేషన్ ఉండాలి. ఇన్సూరెన్స్ ఉండాలి. నడిపేవాడికి అర్హత పత్రం ఉండాలి. ఇవి కాక, రిజర్వాయర్లో దింపాలంటే జలవనరుల శాఖ అనుమతి. ఇవన్నీ చూసి "మనలాంటోళ్లని పైకి రానివ్వకుండా పెట్టిన రూల్సు" అని మావాడు కోప్పడ్డాడు. ఆఫీసుల చుట్టూ తిరగడం మనకి ఎంత కష్టమో నాకు తెలుసు, ఒక్క సర్టిఫికెట్ కోసం కూలి పోగొట్టుకుని ఎన్నిసార్లు తిరిగామో. ఆ కోపంలో న్యాయముంది. కానీ ఆ సర్వే చేసేవాడు చూసేది చెల్లెమ్మ రూపాయి బిళ్లతో చూసినదాన్నే. అది రూలు అని పేరు పెడితే కోపమొస్తోంది, మన పిల్ల చేస్తే తెలివి అంటున్నాం.

డబ్బు లెక్క కూడా ఒకసారి వేశాం, ముగ్గురం బస్సులోనే. నాలుగు లక్షల ఇరవైకి వాడు చివరికి మూడు లక్షల అరవై అన్నాడు. వెనక పలక మార్చడం, ఇంజిన్ సీళ్లు, నీళ్ల పంపు, ట్రైలరు బేరింగులు, టైర్లు, ఎక్కేవాళ్లకి లైఫ్ జాకెట్లు, ఆపైన కాగితాలు. మావాడు తన చేత్తో చేసుకున్నా సామాను ఖర్చు తప్పదు. అలాంటి పాత టూ స్ట్రోక్ ఇంజిన్ ఫుల్ స్పీడులో గంటకి 15 లీటర్ల దాకా పెట్రోలు తాగుతుంది. లీటరు నూట పది దగ్గర వేసుకోండి, గంటకి పదహారు వందలు నీళ్లలో పోసినట్టే. వానాకాలం వరద, వేసవిలో నీరు తగ్గి ఒడ్డంతా బురద. ట్రైలరు దింపాలంటే సిమెంటు వాలు ఉండాలి, బురదలో బొలెరో కూడా దిగబడుతుంది. ఏడాదిలో ఎన్ని ఆదివారాలు మిగుల్తాయి? చెల్లెమ్మ వేళ్ల మీద లెక్కపెట్టి ఏమీ అనకుండా కిటికీలోంచి చూస్తూ కూర్చుంది.

అయితే వద్దనే చెప్తున్నావా అంటారేమో. లేదు. నేను చెప్పేది రెండే. జనాన్ని ఎక్కించి డబ్బు తీసుకునే ఆలోచన ఉంటే కాగితాలు సరిగ్గా ఉన్న పడవ తప్ప ముట్టుకోవద్దు, సగం ధరకొచ్చినా సరే. మీ ఇద్దరూ తిరగడానికే అయితే చిన్నది, తక్కువ ఇంజిన్ ఉన్నది, పలక గట్టిగా ఉన్నది చూసుకోండి. దానికీ కాగితాలు కావాలి. డబ్బు చేతికిచ్చే ముందు నీళ్లలో దింపించి భార్యాభర్తలిద్దరూ ఎక్కి గంటసేపు తిరగండి. ఐదు నిమిషాల చక్కర్లకి ఒప్పుకోకండి. దిగాక అడుగు బల్ల ఎత్తి ఎంత నీరు చేరిందో చూడండి. ఇక ఫోన్లో "నేను ఆర్మీలో ఉన్నాను, బదిలీ అయింది, అడ్వాన్స్ కొట్టండి, బోటు పంపిస్తాను" అనే బాపతు వాళ్లుంటారు. బైకుల పేరుతో మోసపోయినోళ్లు మన మండలంలోనే ఉన్నారు, పేర్లు రాయను.

ఇంకో మాట, ఇది మగవాళ్లకి. ఇంట్లో పెద్ద వస్తువు కొనేటప్పుడు లోను ఆడవాళ్ల పేరున, సంతకం ఆడవాళ్లది, చూసి వచ్చేది మాత్రం మనం నలుగురు మగాళ్లం, దారిలో టీలు తాగుతూ. ట్రాక్టర్ అయినా, స్ప్రేయర్ అయినా, పడవైనా ఇదే తీరు. ఆ రోజు చెల్లెమ్మ రాకపోయి ఉంటే మేమిద్దరం రంగు చూసి కొనేసేవాళ్లం. నేను ఒప్పుకుంటున్నాను. మీరూ ఇంటికెళ్లి ఆలోచించుకోండి.

ఇప్పుడు ఎక్కడుందంటే: మావాడికి కోపం తగ్గింది. నిన్న వచ్చి, "బావా, ఆ పాత ఓనరు దొరికి కాగితం అతని పేరు నుంచి రాయించి ఇస్తే, పలక నేనే మార్చుకుంటాను, రెండు లక్షల దగ్గర అడుగుతాను" అన్నాడు. చెల్లెమ్మ మాత్రం వేరే పడవ చూద్దామంటోంది, గది ఉన్నదే కావాలంట. ముప్పై వేలు ఇంకా ఆవిడ పెట్టెలోనే ఉన్నాయి, తాళం కొంగుకి ఉంది. వచ్చే ఆదివారం మావాడు పనిచేసిన షెడ్డు పెద్దాయన్ని తీసుకుని మళ్లీ వెళ్తున్నాం. మీలో ఎవరికైనా తోటపల్లి ఒడ్డున ట్రైలరు దింపే వాలు ఎక్కడుందో, అనుమతి కోసం ఏ ఆఫీసుకి ముందు పోవాలో తెలిస్తే కింద రాయండి. ఏనుగుల జోకులు చాలు, ఈసారికి పనికొచ్చేది రాయండి.